తుక్కు కింద అమ్ముడైన ఉక్కు

1855లో తంజావూరు మరాఠా రాజు రెండో శివాజీ కన్నుమూశాడు. మగ సంతానం లేదన్న సాకుతో ఈస్టిండియా కంపెనీ ఆ రాజ్యాన్ని కలిపేసుకుంది. 1860లలో కోటలోని ఆయుధశాల మద్రాసుకు తరలింది. కత్తులు, కటార్లు, బల్లేలు గుట్టలుగా వచ్చిపడ్డాయి. ముచ్చటైనవి కొన్ని ఏరి ఎగ్మోరు మ్యూజియానికి ఇచ్చారు. మిగతావాటిలో చాలామటుకు విరగ్గొట్టి పాత ఇనుము కింద అమ్మేశారు.

వాటిలో ఐరోపా నుంచి వచ్చిన ఫిరంగి అలుగులూ ఉన్నాయి. మన ఉక్కువి ఎన్నో ఇక ఎవరూ తేల్చలేరు. నన్ను బాధించేది అదే.

ఆ ఉక్కును మట్టి మూసలో కరిగించేవారు. అందులో కర్బనం సుమారు ఒకటిన్నర శాతం ఉంటుంది. ఆ కర్బనంలో కొంత ఇనుముతో కలిసి గట్టి కణాలుగా నిలిచి, లోపలి రవను, అంటే లోహపు స్ఫటికాలను, పెరగనివ్వకుండా కాపలా కాస్తుంది. ఎర్రకాక మీద సాగగొట్టినంతసేపూ కాపలా చెదరదు. కాక సుమారు 1000 డిగ్రీలు దాటిందా, కణాలు కరుగుతాయి, రవ ఉబ్బుతుంది. అలాంటి అలుగు విరిగితే విరిగినచోట ఉప్పుకల్లులా మెరుస్తుంది. కాక ఇంకా హెచ్చి తెల్లబారితే సమ్మెట కిందే చిట్లిపోతుంది. ఈ ఉక్కును సాగగొట్టబోయిన ఐరోపా కమ్మరులకు జరిగింది ఇదే. మెత్తని ఇనుమును తెల్లకాక మీద సాగగొట్టిన అలవాటు వాళ్లది. 1795లో ఇంగ్లిషు శాస్త్రజ్ఞుడు పియర్సన్ ఈ ఉక్కు మీద లండన్ రాయల్ సొసైటీకి వ్యాసం సమర్పించాడు. తర్వాత శాస్త్రజ్ఞుడు ఫారడే ఏళ్ల తరబడి దీనితో కుస్తీ పట్టాడు. వాళ్లు 'వూట్జ్' అని పలికింది మన 'ఉక్కు' మాటనే.

మన కమ్మరికి ఉష్ణమాపకం లేదు. నిప్పులో రంగు చూసి తిత్తి ఆపేవాడు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో ఆ ఉక్కు కొనడానికి ఇరాన్ వర్తకులు వచ్చి కూర్చునేవారు. ఇంగ్లండు చవక ఉక్కు దిగింది, కత్తికి గిరాకీ పోయింది, పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి మూసలు చల్లారాయి. రంగు చదివిన కన్ను పోయాక, అది ఏం చదివిందో చెప్పగలిగేది అలుగులోని రవ ఒక్కటే. మద్రాసులో తూకానికి వేసింది ఆ సాక్ష్యాన్నే.

1998లో లోహశాస్త్రజ్ఞుడు వర్హోవెన్, కత్తుల కమ్మరి పెండ్రే అమెరికాలో ఆ ఉక్కు గుట్టు చాలావరకు విప్పారు. వనేడియం లాంటి మూలకాల జాడే ఆ కణాలను బారులు తీర్చి, అలుగు మీద నీటి అలల చారలు తెప్పిస్తుందన్నారు. వాళ్లు పరీక్షించిన పాత అలుగులు స్విట్జర్లాండులోని బెర్న్ మ్యూజియం సేకరణకు చెందినవి.

మీ అటక మీద తాతల నాటి తుప్పు కత్తి ఉంటే పాత ఇనుముకు వేయకండి. బాగుచేయిస్తామని కొలిమిలోనూ పెట్టించకండి. ఒక్కసారి కాక హద్దు దాటితే చాలు, ఆ రవ మారిపోతుంది.