మొదటి విజిల్ గట్టిగా ఊదండి

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ఎర్రలైటు పడింది, బండి ఆపారు. ఆదివారం, ఇంకా ఆరు కాలేదు. కేబీఆర్ పార్కుకి వాకింగ్‌కి పోయేవాళ్ళు తప్ప రోడ్డు మీద జనం లేరు. హ్యాండిల్ పట్టుకున్న అరచేతులు చెమటకి జారుతున్నాయి. తిన్న ఒక్క ఇడ్లీ లోపలికి దిగనంటోంది. భుజాన ఉన్న సంచిలో రెండు విజిళ్ళు, ఒక వాచీ, టాస్‌కి రూపాయి బిళ్ళ, పసుపు కార్డు ఒకటి, ఎర్ర కార్డు ఒకటి. ఇంకో గంటలో ఫిల్మ్ నగర్‌లో ఒక మ్యాచ్‌కి మీరు రిఫరీ. డబ్బు కోసం ఒప్పుకోలేదు, ఇష్టం కొద్దీ ఒప్పుకున్నారు. రాత్రంతా నిద్ర పట్టనివ్వనిది కూడా ఆ ఇష్టమే.

సంచిలోని కార్డుల ఆలోచన పుట్టింది ఇలాంటి సిగ్నల్ దగ్గరే. 1966 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్, అర్జెంటీనా మ్యాచ్ రచ్చరచ్చ అయింది. రిఫరీ ఎవరిని హెచ్చరించాడో మైదానంలో ఉన్న ఆటగాళ్ళకే సరిగా తెలియలేదు. ఆ టోర్నీలో రిఫరీల బాధ్యత చూసిన కెన్ ఆస్టన్‌కి, లండన్‌లో కారు నడుపుతూ ట్రాఫిక్ లైటు దగ్గర ఆగినప్పుడు పసుపు, ఎరుపు రంగులు తట్టాయట. 1970లో మెక్సికో ప్రపంచ కప్ నాటికి కార్డులు చేతికొచ్చాయి. ఆస్టన్‌కి గొడవంటే ఏమిటో బాగా తెలుసు. 1962లో చిలీ, ఇటలీ కొట్టుకున్నంత పనిచేసిన మ్యాచ్‌కి రిఫరీ ఆయనే, పోలీసులు మైదానంలోకి రావలసి వచ్చింది. గొంతు ఎవరికీ వినపడని చోట రంగు కనపడుతుందని అంత అనుభవించాక తెలిసింది.

పచ్చలైటు పడింది. పోనివ్వండి.

ఫిల్మ్ నగర్ వైపు దారి ఎక్కి దిగుతుంది. కొండరాళ్ళ మధ్య ఇళ్ళు, గోడల మీద రాబోయే సినిమాల పోస్టర్లు, దైవసన్నిధానం గుడి వైపు నుంచి సుప్రభాతం. మామూలు రోజైతే ఈపాటికి కృష్ణానగర్ నుంచి జూనియర్ ఆర్టిస్టుల్ని ఎక్కించుకున్న బస్సులు, జనరేటర్ వ్యాన్లు ఎదురొచ్చేవి. ఇవాళ రెండో ఆదివారం, యూనిట్లకి సెలవు. అందుకే మ్యాచ్ ఇవాళ పెట్టుకున్నారు.

రెండు భవనాల మధ్య ఖాళీ స్థలంలో టర్ఫ్. నాలుగు వైపులా వల, పైన కూడా వల. ప్లాస్టిక్ గడ్డిలో నల్లటి రబ్బరు గుళికలు బూట్ల కింద కరకరమంటున్నాయి. ఏడుగురు, ఏడుగురు. నారింజ బిబ్స్ వేసుకున్నవాళ్ళు లైట్‌మెన్ కుర్రాళ్ళు. నీలం వాళ్ళు ఎడిటింగ్ రూముల్లో, డబ్బింగ్ థియేటర్లలో పనిచేసేవాళ్ళు. వల పట్టుకుని నిలబడ్డ జనంలో చాలామంది నారింజ వైపే, లైట్లు మోసే చేతుల వైపు. పెద్ద స్టేడియంలో అరుపు ఎక్కడో దూరం నుంచి వస్తుంది. ఇక్కడ అరిచేవాడి నోరు మీ చెవికి రెండడుగుల దూరంలో ఉంటుంది, పేరు అడిగి మరీ తిడతాడు. లైన్స్‌మన్లు లేరు. మీరొక్కరే.

మీరు అరగంట ముందే వచ్చారు. ఇది నేను అందరికీ చెప్పే మొదటి మాట. ఆలస్యంగా వచ్చిన రిఫరీకి భయపడే తీరిక కూడా ఉండదు, ఆ భయం ఆట మొదలయ్యాక మీద పడుతుంది. ముందొస్తే చేతులకి పని దొరుకుతుంది. గోల్ వలకి చిరుగులున్నాయేమో లాగి చూడండి. బంతిని నొక్కి చూడండి. నాలుగు మూలలా నడవండి. పైవలకి బంతి తగిలితే ఏం చేయాలి, పక్క వలకి తగిలితే ఆట ఆగాలా వద్దా అని ఇద్దరు కెప్టెన్లనీ పిలిచి ముందే తేల్చేయండి. ప్రతి టర్ఫ్‌కీ దాని కట్టుబాట్లు దానివి. మ్యాచ్ మధ్యలో తేల్చుకుందామంటే అది పంచాయితీ అవుతుంది.

ఇప్పుడు విజిల్. ఒక మూలకి వెళ్ళి ఊది చూసుకోండి. చాలామంది రిఫరీల మెడలో వేలాడే ఫాక్స్ 40 విజిల్ వెనక ఒక రిఫరీ గుండెదడ ఉంది. కెనడాకి చెందిన రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్ బాస్కెట్‌బాల్ రిఫరీ. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ ఫైనల్లో ఫౌల్ చూసి విజిల్ ఊదితే లోపలి గుండు ఇరుక్కుపోయి శబ్దమే రాలేదని ఆయనే చెబుతారు. గుండు లేని విజిల్ ఒకటి తయారుచేయించాలని అప్పుడు పట్టుకున్న పట్టు 1987కి నెరవేరింది. మీ విజిల్ మోగదేమోనన్న భయాన్ని మీకంటే ముందు ఒకాయన పడి, దానికి విరుగుడు కూడా కనిపెట్టి వెళ్ళాడు. మీకు మిగిలింది ఊపిరి.

ఊపిరి సంగతి తేలిగ్గా తీసుకోకండి. ముక్కుతో పీల్చండి, పీల్చినంతసేపటికి రెట్టింపు సేపు నోటితో వదలండి. ఊపిరి నెమ్మదిగా వదులుతున్నప్పుడు గుండె వేగం తగ్గుతుంది, అది ఒంటి స్వభావం. నాలుగైదుసార్లు చాలు. ‘నాకేం భయం లేదు’ అని మాత్రం మీకు మీరు చెప్పుకోకండి, ఒళ్ళు నమ్మదు. హార్వర్డ్‌లో పనిచేసే అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, జనం ముందు పాడే ముందు ‘నాకు ఉత్సాహంగా ఉంది’ అని పైకి అన్నవాళ్ళు, ‘నాకు కంగారుగా ఉంది’ అన్నవాళ్ళకంటే బాగా పాడారు. ఉపన్యాసంలోనూ అంతే, శాంతపడదామనుకున్నవాళ్ళ కంటే ఉత్సాహమని చెప్పుకున్నవాళ్ళు నయం. దడ అదే, చెమట అదే. దాన్ని ఏమని పిలుస్తామన్నది మన చేతిలో ఉంది. ఎవరూ చూడకుండా అయినా ఒకసారి పైకి అనండి.

టాస్ వేశారు. కెప్టెన్లతో ఒక్క మాట: “ఏదున్నా మీరిద్దరే వచ్చి అడగండి. మిగతావాళ్ళు వస్తే పసుపు.” ఇది మీరు సొంతంగా కల్పించిన షరతు కాదు. 2024 యూరో కప్‌లో ఇదే పద్ధతి పెట్టారు, రిఫరీ చుట్టూ పదిమంది మూగడం అక్కడ బాగా తగ్గింది. ఫిల్మ్ నగర్ టర్ఫ్‌కి అది మరింత అవసరం.

ఆట మొదలైంది.

రెండో నిమిషం కూడా కాలేదు. మధ్యలో నీలం కుర్రాడి మడమ మీద నారింజ బూటు పడింది. చిన్న ఫౌల్, వదిలేసినా ఎవరూ అడగరు. వదలొద్దు. విజిల్ పెదాల మధ్యకి వచ్చింది, పొట్ట నుంచి గాలి తీసి ఊదండి. సన్నగా ‘పీప్’ మంటే ఆటగాళ్ళు నిర్ణయం వినరు, మీ సందేహం వింటారు. గట్టిగా మోగితే బంతి దానంతటదే ఆగుతుంది. చెయ్యి భుజం ఎత్తున తిన్నగా చాపి దిక్కు చూపించండి. చూశారా, ఎవరూ ఏమీ అనలేదు. పైగా మీ గొంతు ముడి కొంత వదిలింది. మొదటి విజిల్ ఆటగాళ్ళకెంతో రిఫరీకీ అంతే కావాలి.

పరుగెత్తండి. బంతికి దగ్గరగా ఉన్న రిఫరీ తప్పు చెప్పినా ఆటగాళ్ళు సగం ఒప్పుకుంటారు, దూరంగా ఉన్న రిఫరీ నిజం చెప్పినా ఒప్పుకోరు. కాళ్ళు కదులుతుంటే తలలో గోల కూడా తగ్గుతుంది.

పద్నాలుగో నిమిషం. నారింజ కుర్రాడు కుడి వైపు నుంచి లోపలికి దూసుకొచ్చి, గజం దూరం నుంచి బలంగా కొట్టాడు. నీలం డిఫెండర్ పక్కకి తిరిగాడు, బంతి మోచేతికి తగిలి బయటికి పోయింది.

“హ్యాండ్! హ్యాండ్!”

“అన్నా, పెనాల్టీ! కళ్ళు కనవడ్తలేవా?”

“ఏంటి సార్, అంత స్పష్టంగా తగిలితే!”

“క్యా రెఫ్, దేఖా నై క్యా?”

మూడు యాసలు, మూడు వైపుల నుంచి. వల ఊగుతోంది. మీ చెయ్యి దానంతటదే పెనాల్టీ గుర్తు వైపు లేవబోతోంది. ఈ క్షణం మీద ఇంగ్లండ్‌లో పరిశోధన చేశారు. నెవిల్, బామర్, విలియమ్స్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో 40 మంది అర్హత ఉన్న రిఫరీలకి లివర్‌పూల్ సొంత మైదానంలో ఆడిన ఒక మ్యాచ్‌లోని 47 ఘటనలు చూపించారు. కొందరికి జనం అరుపులతో, కొందరికి నిశ్శబ్దంగా. అరుపులు విన్నవాళ్ళు సొంత జట్టు మీద సుమారు 15 శాతం తక్కువ ఫౌళ్ళు ఇచ్చారు, నిర్ణయాల్లో సందేహమూ ఎక్కువైంది. వాళ్ళని బెదిరించినవాళ్ళు లేరు, గదిలో కూర్చుని తెర చూస్తున్నారంతే. శబ్దం ఒక్కటే ఆ పని చేసింది. అలాంటప్పుడు వల పక్కన నిలబడ్డ మీ చెయ్యి లేవబోవడంలో ఆశ్చర్యం లేదు, సిగ్గుపడాల్సిందీ లేదు. అరుపు లోపలికి వస్తోందని తెలిస్తే చాలు, మీరు దాన్ని పక్కకి తోయగలరు.

ఏం విన్నారో వదిలేసి ఏం చూశారో మిమ్మల్ని మీరు అడగండి. మోచెయ్యి పక్కటెముకలకి ఆనుకుని ఉంది. చెయ్యి చాచి ఒంటిని వెడల్పు చేసుకోలేదు. తప్పుకునే వ్యవధి లేదు. చేతికి తగిలిన ప్రతి బంతీ నేరమని నియమాల్లో ఎక్కడా లేదు. పెనాల్టీ లేదు. మూల వైపు చెయ్యి చూపించి కార్నర్ ఇవ్వండి.

అసలు కష్టం తర్వాతి అర నిమిషంలో ఉంటుంది. బంతి కదిలిపోతుంటుంది, మనసు మాత్రం ఆ మోచేతి దగ్గరే నిలబడిపోతుంది. సరిగ్గా చెప్పానా? వీడియో తీశారేమో? ఈ ఆలోచనలో ఉండగానే తర్వాతి ఫౌల్ చూడకుండా పోతుంది, అప్పుడు రెండు గొడవలు. నాకు పనికొచ్చింది ఒక్కటే: తర్వాత చేయాల్సిన పని పేరు పెదాలు కదిలేలా అనుకోవడం. ‘కార్నర్. గోల్‌కీపర్‌ని ఎవరు అడ్డుకుంటున్నారు?’ అంటే కళ్ళు అటు వెళతాయి, కళ్ళ వెనకే మనసూ వెళుతుంది.

ఆట ఆగినప్పుడు నారింజ కెప్టెన్ వచ్చాడు. “అన్నా, చెయ్యి తగిలింది గదా?”

“తగిలింది తమ్ముడూ. చెయ్యి ఒంటికి ఆనుకునే ఉంది. అందుకే ఇవ్వలేదు.”

అంతే. రెండో వివరణ మొదలుపెట్టారా, అది వాదన అవుతుంది. అతను తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. వెళ్ళాడు, అదే కావాలి.

విరామం. నీళ్ళు తాగుతూ కూర్చున్నారు. ఎవరూ మీ పక్కకి రారు, రెండు జట్లకీ మీరు పరాయివాళ్ళు. ఈ ఒంటరితనంలో నాకెప్పుడూ సయ్యద్ షాహిద్ హకీం గుర్తొస్తారు. ఆయన తండ్రి సయ్యద్ అబ్దుల్ రహీం. రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా భారత జట్టు 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకాలు తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. కొడుకు హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. కోచ్ సొంత తండ్రే, అయినా ఒక్క మ్యాచ్‌లోనూ దిగే వంతు రాలేదు. తర్వాత వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్ అయ్యారు, విజిల్ పట్టుకున్నారు, ఫిఫా రిఫరీ అయ్యారు, 1988లో ఖతార్‌లో జరిగిన ఏషియన్ కప్‌లో మ్యాచ్‌లు నడిపించారు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం వచ్చింది. 2021 ఆగస్టు 22న కన్నుమూశారు. తండ్రి కథ 2024లో ‘మైదాన్’ పేరుతో హిందీలో వచ్చింది. ఇన్ని స్టూడియోల నడుమ, మన ఊరి మనిషి కథ ముందు తెలుగులో రాలేదే అని నాకు బాధ. కొడుకు కథ ఎవరైనా తీస్తే మొదటి రోజే చూస్తాను.

రెండో సగం త్వరగా గడిచిపోతుంది. ఒకసారి గోల్‌కిక్ అన్నారు, వెంటనే గోల్‌కీపర్ వేళ్ళకి తగిలిందని అతని ముఖంలోనే కనిపించింది. ఆట మళ్ళీ మొదలుకాకముందే నిర్ణయం మార్చుకునే హక్కు ఐదో నియమం మీకిచ్చింది. “కార్నర్” అని చెయ్యి మార్చారు. జనం ఓ అన్నారు. ఆ అరుపుకి మొదటి సగంలో ఉన్న పదును మీకిప్పుడు తగల్లేదు. నీలం జట్టు చివరి నిమిషాల్లో గోల్ కొట్టి గెలిచింది. మీరు విజిల్ మూడుసార్లు ఊదారు.

ఇద్దరు కెప్టెన్లూ చెయ్యి కలిపారు. ఒక నారింజ కుర్రాడు కలపకుండా పోయాడు. పోనివ్వండి, వాడు ఓడిపోయాడు.

వచ్చే మ్యాచ్‌కీ అరచేతులు చెమట పడతాయి. నాకు ఇప్పటికీ పడుతున్నాయి. పెనాల్టీ దగ్గర చెయ్యి వణకడం అనర్హత కాదు. ఆ వణుకు చూసి విజిల్ మూలన పడేసినవాళ్ళ వల్లే మన బస్తీ మ్యాచ్‌లకి రిఫరీలు దొరకడం లేదు. ఫుట్‌బాల్ సంఘాలు రిఫరీ కోర్సులు, పరీక్షలు పెడతాయి, కనుక్కోండి. పదిహేడు నియమాలే, నెల రోజుల్లో చదవొచ్చు. మీరు వల బయట నిలబడేవాళ్ళయితే నాదొక్కటే మనవి. విజిల్ పట్టుకున్న కుర్రాడిని వచ్చే ఆదివారం తిట్టకండి. మ్యాచ్ అయ్యాక వెళ్ళి చెయ్యి కలపండి, వచ్చే వారం కూడా రమ్మని అడగండి.