ఆట ముగిసిన రాత్రి: కళాశాల క్రీడాకారుల మీద మద్యం ప్రభావం

మద్యానికీ క్రీడకూ ఉన్న సంబంధం గురించిన ఆలోచన చాలాకాలం ఆటకు ముందు తాగడం చుట్టూనే తిరిగింది. 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్ మారథాన్ విజేత థామస్ హిక్స్‌కు సహాయకులు పరుగు మధ్యలోనే బ్రాందీ, స్ట్రిక్నిన్ పట్టించారు. అప్పట్లో దాన్ని ఎవరూ తప్పుగా చూడలేదు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో స్వీడన్ ఆటగాడు హాన్స్ గున్నర్ లిల్యెన్‌వాల్ పిస్టల్ పోటీకి ముందు బీరు తాగి పరీక్షలో పట్టుబడ్డాడు. ఒలింపిక్స్‌లో డోపింగ్ నేరం మీద అనర్హుడైన మొదటి ఆటగాడు అతనే. అతనితోపాటు అతని జట్టు కూడా కాంస్య పతకం పోగొట్టుకుంది. ఇటీవలి వరకు విలువిద్య, మోటారు రేసుల వంటి కొన్ని ఆటల్లోనే మద్యం మీద డోపింగ్ నిషేధం ఉండేది. 2018 జనవరి 1 నుంచి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ దాన్ని కూడా జాబితాలోంచి తీసేసి, ఆ బాధ్యతను ఆయా క్రీడా సమాఖ్యలకు అప్పగించింది.

కళాశాల క్రీడాకారుడి సమస్య ఆటకు ముందు తాగడం కాదు. తాగి గ్రౌండులోకి దిగే విద్యార్థి చాలా అరుదు. అతను తాగేది మ్యాచ్ అయిపోయాక. గెలిస్తే పార్టీ, ఓడితే బాధ, టోర్నమెంటు ముగిస్తే వీడ్కోలు. ఆట అయిపోయింది కాబట్టి ఆటకు నష్టం లేదన్నది అతని లెక్క. ఆ లెక్క తప్పని గత ముప్పై ఏళ్ల ప్రయోగాలు చూపుతున్నాయి. మ్యాచ్ తరువాతి రాత్రీ, మర్నాడూ శరీరం చిరిగిన కండరాన్ని అతుక్కుంటుంది, పోయిన నీటినీ ఖర్చయిన శక్తినీ తిరిగి నింపుకుంటుంది. శిక్షణ ఫలం కండరంలోకి ఎక్కేది ఆ గంటల్లోనే. మందు దెబ్బకొట్టేది కూడా ఆ గంటలనే.

క్రీడాకారులు ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్లు కాబట్టి తక్కువ తాగుతారని మనం అనుకుంటాం. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ప్రజారోగ్య విభాగం తరఫున హెన్రీ వెక్స్‌లర్ బృందం జరిపిన కాలేజ్ ఆల్కహాల్ స్టడీ దీనికి విరుద్ధమైన సంగతి బయటపెట్టింది. ఒకే విడతలో మగవాళ్లు ఐదు, ఆడవాళ్లు నాలుగు డ్రింకులకు తగ్గకుండా తాగడాన్ని ఆ అధ్యయనం అతిగా తాగడంగా లెక్కించింది. నెల్సన్, వెక్స్‌లర్ 2001లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం అలా తాగేవాళ్లు పురుష క్రీడాకారుల్లో 57 శాతం ఉంటే, ఆటలాడని పురుష విద్యార్థుల్లో 49 శాతమే ఉన్నారు. స్త్రీలలో ఆ అంకెలు 48, 40. తరువాతి సంవత్సరాల్లో అక్కడి క్రీడాకారుల్లో ఈ అలవాటు తగ్గుముఖం పట్టింది, అయినా ఆ పోలిక మాత్రం ఆలోచించదగ్గది. అదే విశ్లేషణలో నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసిన విషయం మరొకటుంది. మద్యం గురించిన హెచ్చరికలు, అవగాహన కార్యక్రమాలు ఇతర విద్యార్థులకంటే క్రీడాకారులకే ఎక్కువగా అందాయి. విన్నవాళ్లే ఎక్కువ తాగారు. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

ప్రయోగాల సంగతికి వెళ్లేముందు మోతాదు గురించి ఒక మాట చెప్పాలి. శాస్త్రవేత్తలు మద్యాన్ని శరీర బరువులో కిలోకు ఇన్ని గ్రాములని కొలుస్తారు. మన దుకాణాల్లో అమ్మే విస్కీ, బ్రాందీలలో మద్యసారం 42.8 శాతం. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ సీసాలో ఉండేది సుమారు 60 గ్రాములు. అరవై కిలోల కబడ్డీ కుర్రాడు ఒక క్వార్టర్ పూర్తిచేస్తే కిలోకు ఒక గ్రాము తీసుకున్నట్టు. ఏడు శాతం ఉండే స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసా తాగితే కిలోకు అర గ్రాము దాటుతుంది. కింద చెప్పబోయే విదేశీ ప్రయోగాలను ఈ కొలతతో చదివితే అవి మన హాస్టల్ గదుల సంగతే చెబుతున్నాయని అర్థమవుతుంది.

2010లో న్యూజిలాండ్ మాసీ విశ్వవిద్యాలయంలో మాథ్యూ బార్న్స్, అతని సహచరులు పదకొండుమంది ఆరోగ్యవంతులైన యువకులను ప్రయోగానికి తీసుకున్నారు. ఒక్కొక్కరిని యంత్రం మీద కూర్చోబెట్టి, ఒక కాలి తొడ కండరంతో 300 సార్లు పూర్తి బలంతో పనిచేయించారు. అది మామూలు పని కాదు. యంత్రం కాలిని వంచుతుంటే దాన్ని ఆపడానికి కండరం సాగుతూనే బలం పెట్టాలి. ఎగిరి స్మాష్ కొట్టిన వాలీబాల్ ఆటగాడు నేలమీద వాలినప్పుడు, కబడ్డీ రైడర్ ఉన్నపళాన ఆగి వెనక్కు తిరిగినప్పుడు తొడ చేసే పని అదే. కండరపు పోగులు ఎక్కువగా దెబ్బతినేది అప్పుడే. తరువాత వాళ్లకు నారింజరసంలో వోడ్కా కలిపి, కిలోకు ఒక గ్రాము లెక్కన ఇచ్చారు. మరో విడత రెండో కాలితో అదే పని చేయించి, అన్నే క్యాలరీలకు సరిపడా ఉత్త నారింజరసం ఇచ్చారు. అంటే ప్రతి మనిషినీ అతనితోనే పోల్చారు. ఈ పద్ధతి వల్లే ఆ ఫలితాల మీద నాకు నమ్మకం ఎక్కువ.

ముప్పైఆరు గంటల తరువాత బలం కొలిచారు. నారింజరసం తాగిన విడతలో కండరపు బలం మూడు రకాల కొలతల్లో 12, 28, 19 శాతం తగ్గింది. కష్టమైన పని చేశాక అది సహజమే. వోడ్కా తాగిన విడతలో అవే కొలతలు 34, 40, 34 శాతం పడిపోయాయి. తాగింది ఒక్క సాయంత్రం, నష్టం కనిపించింది ఎల్లుండి ఉదయం. అప్పటికి మత్తు దిగి చాలాసేపయింది, తలనొప్పి కూడా పోయింది. అందుకే ఆటగాడు ఈ బలహీనతకూ ఆ రాత్రికీ ముడిపెట్టుకోడు. ప్రాక్టీసు సరిపోలేదనుకుంటాడు, లేదా కాలు పట్టేసిందంటాడు. మన అంతర్ కళాశాలల టోర్నమెంట్లలో రోజు విడిచి రోజు, కొన్నిసార్లు రోజూ మ్యాచులుంటాయి. మొదటి మ్యాచ్ గెలుపును ఆ రాత్రి క్వార్టర్‌తో జరుపుకున్న జట్టు సెమీఫైనల్ నాటికి బాగా తగ్గిన బలంతో దిగుతోందని ఈ అంకెలు చూస్తే అనిపిస్తుంది. అది నా ఊహే, కానీ గాలిలోంచి పుట్టిన ఊహ కాదు.

అదే బృందం మోతాదును కిలోకు అర గ్రాముకు తగ్గించి మళ్లీ చూసినప్పుడు ఆ తేడా కనబడలేదు. ఈ సంగతి దాచకుండా చెప్పాలి. ఒక్క చుక్క ముట్టినా కండరం పాడవుతుందని బోధిస్తే విద్యార్థి రెండు రోజుల్లో అది అబద్ధమని కనిపెడతాడు, ఆపైన మనం చెప్పే నిజాన్ని కూడా నమ్మడు.

బలం ఎందుకు తగ్గుతుందన్న ప్రశ్నకు కొంత జవాబు ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. ఎవలిన్ పార్, జాన్ హాలీ తదితరులు 2014లో ఎనిమిదిమంది యువకులతో బరువులెత్తించి, సైకిలు తొక్కించి, తరువాత కిలోకు ఒకటిన్నర గ్రాముల మద్యం ఇచ్చి, కండరం నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షించారు. ప్రొటీన్ మాత్రమే తీసుకున్నప్పటితో పోలిస్తే, ప్రొటీన్‌తోపాటు మద్యం తాగినప్పుడు కండరంలో కొత్త ప్రొటీన్ తయారయ్యే వేగం 24 శాతం తగ్గింది. ప్రొటీన్ లేకుండా పిండిపదార్థంతో తాగితే 37 శాతం తగ్గింది. మందుతోపాటు చికెన్ తింటున్నాం కదా, సరిపోతుందనే కుర్రాళ్లకు ఈ 24 శాతమే సమాధానం. తిండి నష్టాన్ని కొంత తగ్గించింది, పూర్తిగా ఆపలేకపోయింది.

నీటి సంగతి తేలికగా అర్థమవుతుంది. మూత్రాన్ని అదుపులో ఉంచే వాసోప్రెసిన్ హార్మోనును మద్యం అణచివేస్తుంది. షిర్రెఫ్స్, మాన్ 1997లో వ్యాయామంతో చెమటోడ్చినవాళ్లకు వేర్వేరు శాతాల మద్యం ఉన్న పానీయాలిచ్చి చూశారు. ఒకటి, రెండు శాతాల దగ్గర పెద్ద తేడా లేదు, నాలుగు శాతం దగ్గర రక్తపు పరిమాణం కోలుకోవడం నెమ్మదించింది. మన బజారులో దొరికే బీర్లు చాలావరకు నాలుగు శాతం పైనే ఉంటాయి. మే నెల ఎండలో విజయవాడలోనో ఖమ్మంలోనో ఆడి వచ్చినవాడికి చల్లటి బీరు దాహం తీర్చినట్టే ఉంటుంది, శరీరం మాత్రం ఎండిపోయే ఉంటుంది. ఇక కండరంలో గ్లైకోజన్ నిల్వ తగ్గడానికి ముఖ్యకారణం మందుకంటే తిండి మానడమేనని లూయీస్ బర్క్ 2003లో చేసిన ప్రయోగం సూచించింది. మిక్చరు, పల్లీలు నంజుకుంటూ కూర్చున్నవాడు అన్నం మానేస్తాడు, తిరిగొచ్చేసరికి మెస్ మూసేసి ఉంటుంది.

నిద్ర మీద ప్రభావం విద్యార్థులకు అసలు తెలియదు. తాగితే త్వరగా నిద్ర పడుతుంది, అది నిజం. కాని రాత్రి రెండో సగంలో నిద్ర ముక్కలవుతుంది, కలలొచ్చే దశ తగ్గుతుంది, గాఢనిద్రలో ఊరే పెరుగుదల హార్మోను పడిపోతుంది. కాలేయం గంటకు ఏడు నుంచి పది గ్రాముల మద్యాన్ని మాత్రమే కరిగించగలదు. రాత్రి పదకొండుకు క్వార్టర్ ముగించినవాడు ఉదయం ఐదున్నరకు గ్రౌండులో విజిలు వినపడేసరికి ఇంకా పూర్తిగా తేరుకోకపోవచ్చు.

ఈ కండర ప్రయోగాలన్నీ యువకుల మీద జరిగినవే. స్త్రీల మీద జరిగిన కొద్ది ప్రయోగాల్లో భిన్నమైన ఫలితం వచ్చింది. 2017లో అమెరికాలో వెలువడిన రెండు అధ్యయనాల్లో, వ్యాయామం తరువాత తాగిన మద్యం స్త్రీల కండర బలం కోలుకోవడాన్ని గాని, కండర నిర్మాణానికి ఆదేశమిచ్చే సంకేతాలను గాని పురుషుల్లో లాగా దెబ్బతీయలేదు. దీన్ని స్త్రీలకు అనుమతిపత్రంగా చదవకూడదు. శరీరంలో నీటి వాటా తక్కువ కాబట్టి అదే మోతాదుకు వాళ్ల రక్తంలో మద్యం శాతం ఎక్కువకు చేరుతుంది, మిగతా ప్రమాదాలు కూడా దానితోపాటే పెరుగుతాయి.

ఆ ప్రమాదాలు ఆట కంటే పెద్దవి. అమెరికాలో 18 నుంచి 24 ఏళ్ల కళాశాల విద్యార్థులు ఏటా సుమారు 1,500 మంది మద్యంతో ముడిపడ్డ ప్రమాదాల్లో చనిపోతున్నారని అక్కడి జాతీయ మద్య పరిశోధన సంస్థ అంచనా. వాటిలో వాహన ప్రమాదాలూ ఉన్నాయి. తాగే క్రీడాకారుల్లో 54.8 శాతం గాయపడితే తాగనివాళ్లలో 23.5 శాతమే గాయపడ్డారని ఓబ్రియన్, లయన్స్ 2000లో రాశారు. ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. తాగుడే గాయానికి కారణమా, లేక దూకుడెక్కువున్నవాళ్లే తాగుతున్నారా అన్నది ఈ పోలిక ఒక్కటే తేల్చదు.

హాస్టల్లో ఉండే ప్రతివాడికీ తెలియాల్సిన విషయం ఒకటుంది. చివరి గ్లాసు దించాక కూడా కొంతసేపు కడుపులోని మద్యం రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. పిలిచినా పలకని కుర్రాణ్ణి "పడుకోనీరా, పొద్దున్నే తేరుకుంటాడు" అని గదిలో వదిలి తలుపు వేసి వెళ్లడమే ప్రాణాంతకం. వాంతి గొంతులో అడ్డుపడితే అతనికి లేచే శక్తి ఉండదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఒంటరిగా వదలకూడదు, ఊపిరి నెమ్మదించినా ఒళ్లు చల్లబడినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. వార్డెన్‌కు తెలుస్తుందనే భయంతో ఆలస్యం చేసే పరిస్థితి హాస్టల్లో ఉండకూడదు. సాయం కోసం పిలిచినవాడి మీద చర్య తీసుకోబోమని కళాశాలే ముందుగా ప్రకటించాలి.

ఇందాక వదిలిన ప్రశ్న దగ్గరికి వస్తాను. ఎక్కువ హెచ్చరికలు విన్నవాళ్లే ఎందుకు ఎక్కువ తాగుతున్నారు? క్రీడాకారుడి చుట్టూ ఉన్న లోకమే అతణ్ణి ఆ వైపు తోస్తోందని నా అభిప్రాయం. జట్టులో కలిసిపోవడానికి సీనియర్ ఇచ్చిన గ్లాసు అందుకోక తప్పదు. సీజను పొడవునా కట్టడిలో ఉన్నవాడికి చివరి మ్యాచ్ రాత్రి కట్లు తెంచుకున్నట్టుంటుంది. టీవీలో క్రికెట్ చూస్తే సోడా పేరుతో, మంచినీళ్ల పేరుతో మద్యం బ్రాండ్లే కనబడతాయి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో తాగేవాళ్లు దేశం మొత్తం మీద 19 శాతం, తెలంగాణలో 43 శాతం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మద్యం కొనడానికి చట్టం పెట్టిన వయసు 21. డిగ్రీ చదివేవాళ్లలో చాలామందికి ఆ వయసే రాలేదు, అయినా సీసా దొరకడం కష్టం కాదు. ఇంత ఒత్తిడి ముందు ఏడాదికో గంట ఉపన్యాసం నిలవదు.

కాబట్టి మార్చాల్సింది మ్యాచ్ తరువాతి మూడు గంటలను. ఫిజికల్ డైరెక్టర్లకు నా విన్నపం ఇది. చివరి విజిలు వేయగానే జట్టును విడిచిపెట్టవద్దు. అక్కడే నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ, అరటిపళ్లు ఇవ్వండి. గంటలోపే అందరినీ కూర్చోబెట్టి కడుపునిండా అన్నం, పప్పు, తలా మూడు నాలుగు గుడ్లు పెట్టించండి. ఆ పూటకు మెస్ ఆలస్యంగా మూసేలా ప్రిన్సిపాల్ దగ్గర అనుమతి తీసుకోండి. గెలుపు పండుగ ఆ భోజనం దగ్గరే జరగనివ్వండి, కెప్టెన్‌నూ సీనియర్లనూ దానికి బాధ్యులను చేయండి. మర్నాడు ఉదయం ప్రాక్టీసుకు వచ్చిన ప్రతి ఆటగాడు నిలుచున్నచోటి నుంచి ఎంత ఎత్తుకు ఎగరగలడో, తొడల బలానికి గుర్తుగా, కొలిచి పుస్తకంలో రాయండి, అమ్మాయిల జట్లవి కూడా. ఒక సీజను తిరిగేసరికి ఆ పుస్తకాన్ని ఆటగాళ్ల చేతికే ఇచ్చి చదవమనండి.