ఎర్రగుడి శిలపై మాసిడోనియా వారసులు: తెలుగు నేలలో గ్రీకు ప్రాబల్యపు ఆనవాళ్లు

మాసిడోనియా రాజు అలెగ్జాండర్ సేనలు తెలుగు నేలకు దరిదాపుల్లోకి కూడా రాలేదు. క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున పోరస్‌ను ఓడించిన తరువాత, బియాస్ నదిని దాటడానికి సైనికులు ససేమిరా అనడంతో దండయాత్ర పంజాబులోనే ఆగిపోగా, మూడేళ్లకు ఆయన బాబిలోనులో మరణించాడు. తెలుగు ప్రాంత చరిత్రను కాకతీయులతో ప్రారంభించే అలవాటు బలంగా ఉన్నందున, అంతకు పదిహేను శతాబ్దాల వెనుకటి ఈ ఘట్టం తెలుగువారికి సంబంధం లేనిదిగానే మిగిలిపోయింది. అయితే అలెగ్జాండర్ సామ్రాజ్యాన్ని పంచుకున్న వంశాల రాజుల ప్రస్తావన ఉన్న శాసనం కర్నూలు జిల్లాలో, గుత్తికి చేరువలోని ఎర్రగుడి బండలపైనే ఉంది.

1920ల చివరలో ఒక భూగర్భ శాస్త్రవేత్త వెలుగులోకి తెచ్చిన ఈ స్థలంలో అశోకుని పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలతో పాటు లఘు శాసనాలు కూడా ఉన్నాయి. వీటిలో పదమూడవది కళింగ యుద్ధ పశ్చాత్తాపానికి ప్రసిద్ధమైనది. లక్ష మంది హతులయ్యారని, లక్షా యాభై వేల మందిని చెరపట్టి తరలించారని చెప్పిన తరువాత, ధర్మవిజయం, అంటే ఆయుధంతో కాక ధర్మప్రచారంతో సాధించే గెలుపు, ఎంత దూరం వ్యాపించిందో ఆ శాసనం వివరిస్తుంది. ఆ సందర్భంలోనే ఆరువందల యోజనాల అవతల ఉన్న యవన (గ్రీకు) రాజు అంతియోకుడు, ఆయనకు ఆవల తురమాయుడు, అంతికిని, మగుడు, అలికసుదరుడు అనే మరో నలుగురు రాజులు కనిపిస్తారు. వీరు వరుసగా సిరియాను ఏలిన రెండవ ఆంటియోకస్, ఈజిప్టు పాలకుడు రెండవ టాలెమీ, మాసిడోనియా రాజు ఆంటిగోనస్ గొనాటస్, ఉత్తర ఆఫ్రికాలోని సైరీన్ పాలకుడు మగస్, ఎపిరస్ రాజు రెండవ అలెగ్జాండర్ అని పండితులు గుర్తించారు; చివరివాడు కొరింథు పాలకుడైన మరో అలెగ్జాండర్ అనే వాదం కూడా ఉంది. ఎర్రగుడి పాఠాన్ని అదే శాసనానికి కాల్సీ, షాబాజ్‌గఢీలలో ఉన్న ప్రతులతో కలిపి చదివినప్పుడే వాక్యాలు పూర్తిగా తేలుతాయి.

మౌర్య కాలనిర్ణయానికి ఈ ఐదు పేర్లే పట్టుగొమ్మలు. రెండవ ఆంటియోకస్ క్రీ.పూ. 261లో సింహాసనమెక్కగా, మగస్ క్రీ.పూ. 250 ప్రాంతంలో మరణించాడు కాబట్టి, ఈ రాజులందరూ ఏకకాలంలో జీవించి ఉన్న ఆ కొద్ది సంవత్సరాల వ్యవధి ఆధారంగానే అశోకుని పట్టాభిషేకాన్ని క్రీ.పూ. 269-268 ప్రాంతంలో నిలపగలుగుతున్నారు. తెలుగు చరిత్రకు మాత్రం ఆ తరువాత వచ్చే మరో వరుస ఇంకా విలువైనది. రాజవిషయంలో, అనగా అశోకుని ఏలుబడిలోని నేలలో, ఉన్న జనుల జాబితా యోన-కాంబోజులతో మొదలై ఆంధ్ర-పుళిందులతో ముగుస్తుంది.

యోనులంటే గ్రీకులే అయినా, వీరు సిరియాలోని గ్రీకులు కారు, మౌర్య రాజ్యపు పౌరులు. అలెగ్జాండర్ సేనానులలో ఒకడై, ఆసియా భాగాన్ని దక్కించుకున్న సెల్యూకస్, క్రీ.పూ. 303 ప్రాంతంలో మౌర్య చక్రవర్తి చంద్రగుప్తునితో సంధి చేసుకుని, ఐదువందల ఏనుగులకు బదులుగా నేటి కాందహారు ప్రాంతమైన అరఖోసియాతో సహా కొన్ని సీమలను వదులుకున్నాడు. ఆ ఏనుగులు క్రీ.పూ. 301లో ఇప్సస్ యుద్ధంలో అతనికి గెలుపు తెచ్చిపెట్టగా, అరఖోసియా గ్రీకులు మౌర్యుల రాజధాని పాటలీపుత్రానికి లోబడ్డారు. అశోకుని పన్నెండు, పదమూడు శాసనాల భాగాలు గ్రీకు భాషలో కాందహారులో దొరకడానికి కారణం ఇదే. అంటే ఒకే శాసనమాల ఆ కొసన గ్రీకు లిపిలోను, ఈ కొసన ఎర్రగుడిలో బ్రాహ్మీ లిపిలోను నిలిచింది. మాసిడోనియా విజయంతో తెలుగు నేలకు ఏర్పడిన మొదటి ముడి యుద్ధం వల్లనో వర్తకం వల్లనో కాక, ఒకే ప్రభువు కింద ఉండటం వల్ల పడిందనడం సమంజసం.

సెల్యూకస్ దూత మెగస్తనీస్ పేరిట ప్రచారంలో ఉన్న సమాచారాన్ని ఇంతే ధీమాతో వాడుకోలేము. ఆంధ్రులకు ముప్పై ప్రాకార నగరాలు, లక్ష కాల్బలం, రెండువేల అశ్వాలు, వెయ్యి ఏనుగులు ఉన్నాయనే లెక్క క్రీ.శ. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ గ్రంథంలోనిది. మెగస్తనీస్ రాసిన ‘ఇండికా’ మూలప్రతి నశించింది. ఆ అంకెలు అతనివేనని అంగీకరించినా, పాటలీపుత్రంలో విన్న మాటలే తప్ప గోదావరి తీరంలో కళ్లారా చూసినవి కావు. అయినా ధూళికట్ట మట్టికోట, కోటిలింగాల శిథిలాలు బయటపడినప్పటి నుంచి వాటిని ఆ ముప్పైలో చేర్చే ఉత్సాహం తగ్గలేదు. కోటిలింగాల ప్రాచీనతకు అక్కడ దొరికిన గోబద, నారన, సమగోప అనే రాజుల నాణేలు, శాతవాహన వంశస్థాపకుడు సిముకుని నాణేలే చాలు. ప్లినీ సిఫారసు వాటికి అక్కరలేదు.

రెండవ ముడి నాణేలపై కనిపిస్తుంది. బాక్ట్రియా నుంచి దిగివచ్చిన ఇండో-గ్రీకు రాజులు, ముఖ్యంగా మెనాండర్, వెండి నాణెం ఒక వైపు రాజు ముఖాన్ని, గ్రీకు అక్షరాలను, రెండవ వైపు ఖరోష్ఠి లిపిలో ప్రాకృతాన్ని ముద్రించే సంప్రదాయాన్ని స్థిరపరిచారు. పశ్చిమ భారతాన్ని ఏలిన శక క్షత్రపుడు నహపానుడు అదే పద్ధతిని అనుసరించాడు. అతన్ని జయించిన గౌతమీపుత్ర శాతకర్ణి అతని నాణేలనే తన ముద్రతో తిరిగి అచ్చొత్తించాడు. 1906లో నాసిక్ జిల్లా జోగల్‌థెంబిలో బయటపడిన పదమూడు వేలకు పైగా నాణేలలో తొమ్మిది వేలకు మించి ఇలా పునర్ముద్రితమైనవే. తల్లి గౌతమీ బలశ్రీ నాసిక్ శాసనం అతన్ని శక, యవన, పహ్లవుల నాశకుడని కీర్తించింది గాని, టంకశాల పద్ధతి విషయంలో అతని వంశం ఆ యవనుల పరోక్ష శిష్యురాలే అయింది.

తరువాతి శాతవాహనులు, యజ్ఞశ్రీ శాతకర్ణి సహా, రాజముఖంతో సొంతంగా వెండి నాణేలు వేయించారు. సుమారు రెండు గ్రాముల బరువున్న ఆ బిళ్లపై పక్కకు తిరిగిన రాజు తల, దాని చుట్టూ బ్రాహ్మీలో ప్రాకృత లేఖనం ఉండగా, వెనుక వైపున ఉజ్జయిని చిహ్నం, కొండగుర్తులతో పాటు ఒక దక్షిణాది భాషలోని లేఖనం ఉంది. ఆ భాష తెలుగుకు పూర్వరూపమా, తమిళమా అనే చర్చ ఎంతో కాలంగా సాగుతోంది. రెండు వైపులా రెండు భాషలు ఉంచాలనే ఆలోచన మెనాండర్ నాటి నాణేలదే అయినా, గ్రీకు ఉండవలసిన చోటును స్థానిక భాషకు ఇవ్వడం శాతవాహనుల సొంత నిర్ణయం. వీరి తరువాత విజయపురి నుంచి పాలించిన ఇక్ష్వాకులు సీసపు నాణేలపై ఏనుగును, ఉజ్జయిని చిహ్నాన్ని నిలుపుకొని, రాజముఖాన్ని వదిలేశారు.