శణసూత్రము మొదలు నైలాను వఱకు: గాలపుత్రాటి చరిత్ర



కులచరిత్ర వ్రాయబూనినవారు సాధారణముగా సత్యవతీదేవితోనో, గుహునితోనో ప్రారంభింతురు. అది యుక్తమే. వ్యాసభగవానుని గన్న తల్లి దాశరాజు నింట బెరిగినదని చెప్పుకొనుట మనకు గౌరవమే. కాని వంశమువలన గలుగు గౌరవ మొకటి, చేతిపనివలన గలుగు గౌరవ మొకటి. ఈ సంచికలో రెండవదానిని గూర్చి, అందును మిక్కిలి సన్ననైన యొక వస్తువును గూర్చి వ్రాయుచున్నాను. అది గాలపుత్రాడు. పడవను, వలను గూర్చి పలువురు వ్రాసిరి. త్రాటిని గూర్చి వ్రాసినవా రరుదు. అయినను చేపకును మనుష్యునకును నడుమ నుండునది ఆ త్రాడే. అది తెగినచో గాలపు వాడియు, ఎర రుచియు, వేటగాని ఓర్పును వ్యర్థములు.

అమరసింహుడు తన కోశమున వారివర్గమందు మన వృత్తికి జెందిన పదముల నొక్కచో గూర్చెను. కైవర్తుడు, దాశుడు, ధీవరుడు అను పేరులు చెప్పి, ఆనాయము, జాలము అని వలను బేర్కొని, వెంటనే శణసూత్రమును జెప్పి, దానికి పవిత్రక మను నామాంతరము నొసగెను. పిమ్మట చేపలబుట్టయు, బడిశ మనబడు గాలమును వచ్చును. శణ మనగా మన పొలములలో బెరుగు జనుము. శణసూత్ర మనగా జనపనార నూలు. దేశమంతట బాలురు వల్లించు కోశమున పవిత్రశబ్దముతో బిలువబడిన ఈ వస్తువు ధీవరుల చేతిలోనిదని మన పిల్లలకు జెప్పినవా రెందఱు?

ఇంకను విశదముగా జెప్పిన గ్రంథ మొకటి కలదు. కల్యాణి చాళుక్యప్రభువైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్ది పూర్వార్ధమున మానసోల్లాసమును రచించెను. దీనికే అభిలషితార్థచింతామణి యని నామాంతరము. ఇరువదేసి అధ్యాయములు గల అయిదు వింశతుల ఈ గ్రంథమున, నాలుగవదగు వినోదవింశతిలో మత్స్యవినోదము వర్ణితము. చేపల జాతులు, వానికి వేయు మేత, త్రాడు, కఱ్ఱ, గాలము ఇందలి విషయములు. ఈ చాళుక్యుల యేలుబడి తెలంగాణమున కొలనుపాక మొదలగు తావులకును వ్యాపించి యుండెను గాన ఈ గ్రంథము మనకు బరాయిది కాదు. రాజునకు వినోదమైన విద్య మనకు జీవనము. విద్య మాత్ర మొక్కటియే.

ఇతరదేశములందును త్రాటి విషయమై ఇట్టి శ్రద్ధయే కానవచ్చును. 1653లో ఇంగ్లండున ఐజాక్ వాల్టన్ ప్రకటించిన గాలపువేట గ్రంథము గుఱ్ఱపు తోకవెండ్రుకలను పేని త్రాడు చేయుటను బోధించినది. చీనా దేశమున పట్టునూలు వాడుకలో నుండెను. ఏ నేల ఏ నారను ఇచ్చునో ఆ నారతోడనే అచ్చటివారు పనిగొనిరి.

మన తీరమున జనపనారకు దోడు నూలుత్రాడు చిరకాలము వాడబడెను. వృద్ధులును స్త్రీలును కదురుమీదను, తొడమీదను పురులెక్కించి ముప్పేట త్రాళ్లు సిద్ధము చేసెడివారు. తడి నిలిచిన నూలు కుళ్లును గనుక, తుమ్మబెరడు, చింతగింజలు మొదలగువాని కషాయమున నానబెట్టి, వేట ముగిసినంతనే విప్పి ఆఱగట్టెడివారు. నూలుత్రాటికి ఆఱుటయే ఆయుస్సు. ఒక త్రాటి వెనుక ఒక కుటుంబపు శ్రమ యుండెడిది గాన, దానిని ఎవ్వరును నిర్లక్ష్యముగా బాఱవైచెడివారు కారు.

1935లో అమెరికా దేశమున డ్యూపాంట్ కంపెనీ పరిశోధనాలయమందు వాలేస్ కరోథర్స్ నైలానును సృజించెను. 1938లో అది లోకమునకు బ్రకటింపబడెను. 1957లో హాంబర్గు నగరమున జరిగిన అంతర్జాతీయ మత్స్యసాధన మహాసభలో కృత్రిమపు నూళ్లు ముఖ్య చర్చావిషయమయ్యెను. ఆ యేడే మన దేశమున కొచ్చిలో మత్స్యసాంకేతిక పరిశోధనా సంస్థ యేర్పడెను. తరువాతి దశాబ్దములలో నూలు, జనుము మన తెప్పలనుండి నిష్క్రమించెను. నైలాను కుళ్లదు, తేలిక, బలిష్ఠము. ఇది మనకు మేలే చేసినది. కాని పెద్దలు నేర్పిన సూత్రములలో కొన్నింటిని అది తలక్రిందులు చేసినది. ఆ మార్పు నెఱుగనివాడు నేడును నష్టపడుచున్నాడు.

మొదటిది అంకెల సంగతి. నూలు నంబరనగా ఒక పౌనుకు 840 గజముల చిలుక లెన్ని తూగునో ఆ సంఖ్య. నంబరు హెచ్చినకొలది నూలు సన్నము. నైలాను కొలత డెనియరు. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగునో ఆ సంఖ్య. ఇచ్చట అంకె హెచ్చినకొలది పోగు లావు. అంగడిలో 210/2/3 అనినచో, 210 డెనియర్ల పోగులు రెండేసి చేర్చిన పురులు మూడు కలిపి పేనినదని యర్థము. ఒంటిపోగు త్రాటిని మాత్రము మిల్లీమీటర్ల మందముతో గొలుతురు. మందము రెట్టింపైనచో బలము సుమారు నాలుగింత లగును, 0.30 మందము త్రాటికంటె అదే జాతిది 0.60 త్రాడు రెండింతలు మాత్రమే బలమైనదని భ్రమపడరాదు.

రెండవది నీటి సంగతి. నూలు తడిసినచో బలము హెచ్చును; నైలాను తడిసినచో సుమారు పదవవంతు తఱుగును. కావున అంచుకు అంచుగా లెక్క వేసి కొనరాదు. ముడివలనను బలము తగ్గును. నైలాను ముడిని తడిపి మెల్లగా బిగింపవలెను. పొడిగా లాగినచో రాపిడి వేడిమికి అచ్చటనే తెగును.

మూడవది ఎండ. నూలును ఆఱగట్టిన అలవాటున నైలానును దినములతరబడి ఎండలో వదలుట దానిని చేజేతుల చంపుటయే. దానికి నీడ కావలెను.

ఇక ఎన్నిక. తేటనీట చేపకు గానరాని సన్నని ఒంటిపోగు మేలు. అది సాగి చేప కుదుపు నోర్చును. తామరకాడలును, గుఱ్ఱపుడెక్కయు నిండిన చెఱువున కొర్రమీనుకు ఒరపిడి కోర్చు లావుపాటి త్రాడు వలయును. వంజరము, సొర మొదలగు వాడిపండ్ల చేపలకు గాలము చెంత ఉక్కుతీగ లేనిదే ఫలము లేదు. ఇటీవల వచ్చిన జడయల్లిక పాలిథీను త్రాడు మిక్కిలి బలిష్ఠము, దాదాపు సాగదు. లోతున చేప తాకిన సంగతి వెంటనే చేతికి దెలుపును. కాని అది బండఱాళ్ల రాపిడికి ఆగదు, నునుపగుటచే సామాన్యపు ముడి జాఱును, ఒట్టిచేత లాగినచో వ్రేళ్లను గోయును.

నాలుగవ మార్పు ధర్మమునకు సంబంధించినది. తెగిన నూలుత్రాడు కొలదికాలమున నీటిలో గలిసిపోయెడిది. తెగిన నైలాను ఏండ్లకొలది యుండి, యజమాని లేకయే వేటాడుచుండును. తీరపక్షులును, మన యిసుకతిన్నెలకు గ్రుడ్లు పెట్టవచ్చు తాబేళ్లును అందు జిక్కి చచ్చును. శ్రీకూర్మమున కూర్మనాథుని సేవించు తీరమున ఇది మనకు దగునా? ఆ త్రాడు పట్టుకొనిపోవు చేపలును మన పిల్లల కూడే.

త్రాడు పేనుట మన చేతినుండి పోయినది. అది తిరిగి రాదు, రావలసిన పనియు లేదు. త్రాటిని ఎఱిగి యెంచుకొను వివేకము మాత్రము అంగడివానికి అప్పగింపదగినది కాదు. కావున ఈ మహాసభవారికి రెండు మనవులు. ప్రతి గ్రామమందును త్రాళ్లను, ముడులను, పురులను గూర్చి వృద్ధులు పలుకు మాటలను ఒక పుస్తకమున నెక్కింపుడు. తెగినదియు, పాతదియు నగు నైలానును ఒడ్డుకు దెచ్చి యొకచోట బెట్టు కట్టుబాటును రేవురేవునను జేయుడు. పవిత్రక మను ప్రాచీననామము అప్పుడు మన త్రాటికి సార్థకమగును.

గంగమతల్లి మన యందఱిని చల్లగా జూచుగాక.