కుక్కలకన్నా భయపెట్టిన ప్రశ్న

జార్జ్ ఆర్వెల్ 1903లో మన దేశంలోనే, బీహార్‌లోని మోతీహారిలో పుట్టాడని మా సోషల్ సారు చెప్పాకే నేను ‘యానిమల్ ఫామ్’ చదివాను. 1945లో వచ్చిన ఈ నవలలో జంతువులు యజమాని జోన్స్‌ను తరిమేసి ఫారాన్ని తామే నడుపుకుంటాయి. ఇంతలో నెపోలియన్ అనే పంది తొమ్మిది కుక్కపిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి తీసుకెళ్ళి రహస్యంగా పెంచుతుంది. అవి పెద్దవై, దానికి పోటీగా ఉన్న స్నోబాల్‌ను తరిమేస్తాయి. రష్యాలో స్టాలిన్ కూడా 1929లో ట్రాట్‌స్కీని దేశం దాటించాడు. కుక్కలంటే అక్కడి రహస్య పోలీసులన్నమాట.

కానీ నాకు కుక్కలకన్నా స్క్వీలర్ అనే మాటకారి పందిని చూస్తేనే ఎక్కువ భయమేసింది. అది కరవదు, మాట్లాడుతుంది. పాలు, యాపిల్ పండ్లు పందులకేనా అని మిగతావి గొణిగితే, జోన్స్ మళ్ళీ రావాలా అని ఎదురు అడుగుతుంది. అంతే, ఇంకెవరూ నోరు మెదపరు.

తర్వాత, స్నోబాల్ మాట విని తప్పు చేశామని ఒప్పుకున్న జంతువుల్ని కుక్కలు అందరి ముందే చంపేస్తాయి. 1936-38 మాస్కో విచారణల్లో జినోవియేవ్, బుఖారిన్ లాంటి పాత నాయకులు కూడా ఇలాగే కోర్టులో నేరాలు ఒప్పుకున్నారు. వాళ్ళను కాల్చి చంపారు. ఇంత చూశాక కూడా బాక్సర్ గుర్రం, పాపం, తప్పు మనలోనే ఉందేమో అనుకుని ఇంకా ఎక్కువ పని చేస్తుంది. అక్కడ పుస్తకం కాసేపు మూసేశాను.

పోయిన సంవత్సరం నేను క్లాస్ లీడర్‌ని. మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాసేవాణ్ణి. ఓసారి ఒకడు లేచి, “నీ ఫ్రెండ్ పేరు రాయలేదేం?” అన్నాడు. “హెడ్మాస్టర్ గారిని పిలవనా?” అన్నాను. వాడు కూర్చున్నాడు. ఈ పుస్తకం చదివేదాకా అది మంచి జవాబే అనుకున్నాను.