చుట్టాలొచ్చిన ఆదివారం

బెజవాడలో కాపురం పెట్టిన ఇల్లాలికి చుట్టాలకు కొదవ ఉండదు. అది ఆవిడ చేతి వంట మహిమ అని మనం ఎంత మురిసిపోయినా, సగం ఘనత రైల్వే జంక్షనుకు ఇచ్చి తీరాలి. 1888లో ఊరికి రైలు స్టేషను వచ్చింది. మరుసటేడు నైజాం రైలు మార్గం వచ్చి కలిసింది. ఆపైన కృష్ణ మీద వంతెన లేచి, 1899లో మద్రాసు దారి కూడా తెరుచుకునేసరికి హైదరాబాదు వెళ్ళేవాళ్ళూ, మద్రాసు వెళ్ళేవాళ్ళూ, విశాఖపట్నం వైపు పోయేవాళ్ళూ ఇక్కడ కలుసుకోవటం మొదలైంది. బండి మారటానికి నాలుగు గంటల వ్యవధి ఉంటే హోటలుకు పోవటం ఎందుకు, పిన్నిగారి ఇల్లు స్టేషనుకు కూతవేటు దూరంలోనే ఉందిగా! అలా వచ్చినవాళ్ళు భోంచేసి, "ఎలాగూ వచ్చాం, అమ్మవారిని చూసి పోదాం" అంటారు. అమ్మవారి కొండ ఎక్కితే కృష్ణ కనబడుతుంది. కృష్ణ కనబడితే ఆనకట్ట దగ్గరికి వెళ్ళాలనిపిస్తుంది. ఆ పూట బండి కాస్తా వెళ్ళిపోతుంది.

బెజవాడ ఆడవాళ్ళలో చాలామంది తమ ఊరు చూసుకున్నది ఇలాగేనని నా అనుమానం. ఇంటి ఇల్లాలు తనంతట తాను "ఇవాళ షికారు వెళ్ళొస్తాను" అంటే అత్తగారు కళ్ళజోడు పైకెత్తి చూసే రోజులవి. అదే హైదరాబాదు నుంచి ఆడబడుచు దిగిందనుకోండి, "పాపం, వదినకు ఊరు చూపించి తీసుకురామ్మా" అని ఆ అత్తగారే రిక్షా పిలిపించేవారు. చుట్టం ఇంటికి ఖర్చే కావచ్చు గాని, కోడలికి మాత్రం గడప దాటే పర్మిట్టు.

చిత్రమేమిటంటే, ఈ ఊళ్ళో మనం చుట్టాలకు చూపించేవాటిలో షికారు కోసం కట్టినవి చాలా తక్కువ. ఆనకట్టనే తీసుకోండి. 1832-33లో గుంటూరు సీమను పీల్చి పిప్పి చేసిన కరువును జనం డొక్కల కరువు అన్నారు. మనుషులు ఎముకల గూళ్ళయి రాలిపోతుంటే, పక్కనే కృష్ణ నిండుగా వెళ్ళి సముద్రంలో కలుస్తోంది. ఆ నీళ్ళను పొలాలకు మళ్ళించాలని సర్ ఆర్థర్ కాటన్ పట్టుబట్టటం, 1852 నుంచి 1855 దాకా కెప్టెన్ ఓర్ అనే ఇంజనీరు ఇంద్రకీలాద్రికీ అవతలి సీతానగరం కొండకూ నడుమ రాళ్ళతో ఆనకట్ట వేయించటం జరిగాయి. అది పొలం కోసం, తిండిగింజల కోసం కట్టినది. కాని వర్షాకాలంలో ఆనకట్ట మీంచి నీళ్ళు దూకుతుంటే చూడటానికి పల్లెటూళ్ళ నుంచి బళ్ళు కట్టుకుని వచ్చినవాళ్ళకు ఆ సంగతితో పనేముంది? వాళ్ళకది కృష్ణమ్మ వైభవం.

ఆనకట్టతో పాటు కాలవలు వచ్చాయి. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ మూడూ ఊళ్ళోంచే సాగిపోతాయి. ఇప్పుడు వాటిని దాటుతూ ముక్కు మూసుకునే పిల్లలకు నమ్మకం కుదరదు గాని, ఒకప్పుడు చుట్టాలు వచ్చిన దారి అదే. బందరుకు రైలు పడింది 1908లో. అంతదాకా, ఆ తరవాత చాలాకాలం కూడా, డెల్టా ఊళ్ళ మధ్య సంసారాలన్నీ పడవల మీదే కదిలాయి. గట్టు మీద మనుషులు తాడు భుజానికేసుకుని లాగుతూ ఉంటే, పడవలో పెట్టెలు, బిందెలు, పిల్లలు, పచ్చళ్ళ జాడీలు, కొత్త పెళ్ళికూతురి కళ్ళనీళ్ళు. రాత్రంతా ప్రయాణం. లాకుల దగ్గర పడవ ఆగితే పిల్లలు నిద్ర లేచేవారు. ముందొక తలుపు, వెనకొక తలుపు, మధ్యలో పడవ. వెనక తలుపు మూసి నీళ్ళు వదిలితే మెల్లమెల్లగా పడవ పైకి లేచి అవతలి మట్టానికి వచ్చేది. ముందు తలుపు తీసేవారు, పడవ మళ్ళీ కదిలేది. పైసా టిక్కెట్టు లేకుండా పిల్లలు చూసిన మొదటి యంత్రవిద్య అదేనేమో! దక్షిణానికి పోతే ఈ కాలవల వరస బకింగ్‌హాం కాలవతో కలిసి మద్రాసు దాకా సాగేది. 1876-78 కరువులో పని లేని జనానికి కూలి దొరకాలని పొడిగించిన కాలవ అది. అప్పటి మద్రాసు గవర్నరు పేరే దానికి మిగిలింది, తవ్వినవాళ్ళ పేర్లు మిగల్లేదు.

అన్నట్టు, ఈ "ఆదివారం షికారు" అనేదే మనకు కొత్త. మన వీధిబడులకు పాడ్యమికీ, పున్నమికీ, అమావాస్యకూ సెలవు గాని ఆదివారమేమిటి? ఆడవాళ్ళ లెక్క ఇంకా వేరు. కార్తీకంలో తెల్లవారుజామున కృష్ణలో స్నానం, ఉసిరిచెట్టు కింద వనభోజనం, శివరాత్రి జాగారం, దసరాల్లో అమ్మవారి దర్శనం, పన్నెండేళ్ళకొకసారి పుష్కరం - ఇవీ వాళ్ళు ఇల్లు విడిచి గాలి పీల్చుకునే రోజులు. పుణ్యం పేరు చెబితే ఎవరూ కాదనరు కదా. పుణ్యంతో పాటు పదిమంది స్నేహితురాళ్ళ కబుర్లు కూడా వస్తాయని వాళ్ళకు తెలియదంటారా?

ఆదివారం దొరల ఆఫీసులతో వచ్చింది. కూలివాళ్ళకు అది ఊరికే రాలేదు. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి పోరాడితే 1890లో మిల్లులకు ఆదివారం సెలవు ఒప్పుకున్నారు. దుకాణాల్లో, హోటళ్ళలో, నాటకశాలల్లో పనిచేసేవాళ్ళకు వారానికొక సెలవు ఉండాలని 1942లో చట్టమే చేశారు. ఇన్ని చట్టాలు వచ్చినా వంటింటిని ఎవరూ ఏ జాబితాలోనూ చేర్చలేదు. పైగా ఆయనకు సెలవు, పిల్లలకు సెలవు, బావగారికి సెలవు గనక వాళ్ళంతా ఆదివారమే వస్తారు. ఇంటావిడకు తక్కిన ఆరు రోజులే నయం.

సినిమాల సంగతికొస్తే, బెజవాడకు 1921 మహా సందడి చేసిన ఏడాది. ఆ మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెసు కమిటీ ఇక్కడ సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసులో కోటి మంది సభ్యులు, దేశంలో ఇరవై లక్షల రాట్నాలు అని తీర్మానించింది ఇక్కడే. పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా చూపించిందీ ఇక్కడే. ఊళ్ళో చుట్టాలు లేనివాళ్ళు కూడా చుట్టాలైపోయి వచ్చిన రోజులవి. ఆ ఏడే పోతిన శ్రీనివాసరావుగారు మారుతీ సినిమా హాలు కట్టించారు. ఆంధ్రదేశపు తొలి సినిమాహాలుగా దాన్ని చెప్పుకుంటారు. బొమ్మకు మాటలింకా రాలేదు. తరవాతి కాలంలో ఎన్ని హాళ్ళు వచ్చాయో! గాంధీనగరం సినిమా పంపిణీదార్ల పేటయింది. చుట్టాలొస్తే శనివారం రాత్రి రెండో ఆటో, ఆదివారం మ్యాటినీయో తప్పేది కాదు.

హాళ్ళలో ఆడవాళ్ళకు విడిగా తరగతి, విడిగా టిక్కెట్ల కిటికీ ఉండేవి. చాలాచోట్ల మధ్యలో తెర కూడా. లైట్లు ఆరాక తెర జరిపేవారు, వెలిగేలోగా మళ్ళీ వేసేవారు. ఇది మమ్మల్ని విడదీయటమే అని ఇవాళ కోపగించుకోవచ్చు. కాని ఆ విడి కిటికీ వల్లనే మగవాళ్ళ తోపులాటలో పడకుండా, తోడికోడళ్ళిద్దరూ తమంతట తామే టిక్కెట్లు తెచ్చుకోగలిగారు. అంతేకాదు, హౌస్‌ఫుల్లు అయ్యే ఆటకు ఇంటి మగవాళ్ళే "నువ్వు వెళ్ళి తెస్తే దొరుకుతాయి" అని బతిమాలేవారు. అధికారం ఏ కిటికీలోంచి వస్తుందో ఎవరు చెప్పగలరు!

మళ్ళీ కృష్ణ దగ్గరికి వద్దాం. 1952లో పాత ఆనకట్టకు గండి పడింది. ఇంత డెల్టా ఆ రాళ్ళ వరస మీదే బతుకుతోందని అందరికీ తెలిసొచ్చింది. 1954లో కొత్త బ్యారేజీకి పని మొదలుపెట్టి 1957 చివరికి ముగించారు. ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు గాని, ఆయన ఆ ఏడు మే నెలలోనే కన్నుమూశారు. కిలోమీటరు పైచిలుకు పొడవు, డెబ్బై తలుపులు, వాటి పైన రోడ్డు. ఆ రోడ్డుతో షికారు స్వరూపమే మారిపోయింది. అవతలి ఒడ్డు ఇక పడవవాడి దయమీద లేదు. సీతానగరం, దాని పక్కన ఉండవల్లి గుహలు, మంగళగిరి పానకాలస్వామి - అన్నీ ఒక పూటలో చూసి రాగలిగే దూరానికి వచ్చేశాయి. నాలుగు అంతస్తుల కొండను తొలిచి, లోపల ఒకే రాతిలో పడుకున్న అనంతపద్మనాభస్వామిని మలిచిన ఉండవల్లికి పులిహోర క్యారియరుతో వెళ్ళని బెజవాడ కుటుంబం ఉండదేమో. స్వామి హాయిగా పడుకుని ఉంటే, తెల్లవారుజామున నాలుగింటికి లేచి పులిహోర కలిపినావిడ ఆయన్ని చూసి ఏమనుకుందో మాత్రం స్థలపురాణంలో లేదు.

అసలు బ్యారేజీ గొప్పతనం వేసవి సాయంత్రాల్లో తెలుస్తుంది. ఈ ఊరి ఎండకు దొరలు "బ్లేజ్‌వాడ" అన్నారని చెప్పుకుంటారు. రోహిణీకార్తెలో, సెలవులకొచ్చిన చుట్టాలతో, ఇంట్లో ఉడికిపోయి, ఆరింటికి బ్యారేజీ మీదికొస్తే నది మీంచి గాలి తగులుతుంది చూడండి, అది ఎవరి సొమ్మూ కాదు. పిట్టగోడ పక్కన పెద్దవాళ్ళు నిలబడి కృష్ణ అమ్మవారి ముక్కుపుడకను అందుకునే రోజు గురించి పిల్లలకు చెబుతారు. 2024 సెప్టెంబరులో పదకొండు లక్షల నలభై వేల క్యూసెక్కుల వరద ఆ తలుపుల కిందుగా పోయినప్పుడు ఆ కథ కథలా అనిపించలేదు. అదే వానల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. చుట్టాలు ఆ వారం చూడటానికి కాదు, బియ్యం మూటలు తీసుకుని వచ్చారు.

ఆనకట్ట కట్టిన ఓర్ దొర పేరు ఊళ్ళో ఒక కొండకుండేది. 1968 అక్టోబరు 6న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ గారు దాని మీద యాభై రెండడుగుల గాంధీ స్తూపం ఆవిష్కరించాక అది గాంధీ కొండ అయింది. పైన పిల్లలను తిప్పే చిన్న రైలొకటి వచ్చింది. స్తూపం మీద రాసిన గాంధీగారి మాటలు చదివినవాళ్ళెందరో తెలియదు గాని, ఆ రైలెక్కిన పిల్లలు మాత్రం అమ్మమ్మలయ్యారు, తాతయ్యలయ్యారు.

నీళ్ళ మీది షికారు గురించి ఒక మాట చెప్పకుండా దాటలేను. నది మధ్య నూట ముప్ఫై మూడు ఎకరాల భవానీ ద్వీపం ఉంది. పడవలో వెళ్ళి రావటం పిల్లలకు పండగ. 2017 నవంబరు 12, కార్తీక ఆదివారం. ఒంగోలు వైపు నుంచి కలిసికట్టుగా వచ్చిన కుటుంబాలు పవిత్ర సంగమం హారతి చూద్దామని ఎక్కిన పడవ ఫెర్రీ దగ్గర బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. అనుమతి లేని పడవ, లైఫ్‌జాకెట్లు లేవు. వనభోజనాల నెలలో, పుణ్యం కోసమూ వినోదం కోసమూ కలిసి బయల్దేరిన మనవంటి వాళ్ళే. చుట్టాలను పడవ ఎక్కించేముందు "జాకెట్టు ఏదయ్యా" అని అడగటానికి మనలో చాలామందికి ఇప్పటికీ మొహమాటం. ఆ మొహమాటం అత్తవారింటి దగ్గర చూపించుకుందాం గాని, రేవులో వద్దు.

ఇంతకీ ఇంటావిడకు దక్కిన అసలైన సెలవు నదిలోనూ లేదు, కొండమీదా లేదు. "ఇవాళ టిఫిను బయటే" అన్న మాటలో ఉంది. గాంధీనగరం బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ పళ్ళెం తన ముందుకు ఇంకొకళ్ళు తెచ్చి పెట్టటం, రెండోసారి చట్నీ కావాలా అని తననే అడగటం - ఇవి అనుభవించినవాళ్ళకే తెలుస్తాయి. ఇంకో సుఖం 1989లో మొదలైంది. జనవరి ఒకటినుంచి పుస్తకాల పండగ. పి.డబ్ల్యు.డి. గ్రౌండ్సు, అదే స్వరాజ్య మైదానంలో చాలా ఏళ్ళు జరిగింది. మగవాళ్ళు ఒక స్టాలు దగ్గర రాజకీయాలు మాట్లాడుకుంటుంటే ఆడవాళ్ళు సంచులు నింపుకునేవారు. ఆ మైదానంలో 2024 జనవరిలో నూట పాతిక అడుగుల అంబేద్కర్ విగ్రహం నిలిచింది. పుస్తకాల పండగ వేరేచోటికి మారింది. చుట్టాలకు చూపించటానికి ఊళ్ళో ఒకటి పెరిగింది.

తిరుగు ప్రయాణం రోజున కొండపల్లి బొమ్మలు కొనక తప్పదు. తెల్లపొణికి కర్రతో చేసి, సన్నాయివాళ్ళనూ, దశావతారాలనూ, అంబారీ ఏనుగునూ రంగుల్లో నిలబెట్టే బొమ్మలు. ఆడబడుచు పిల్లలకొకటి, పినమామగారి మనవడికొకటి, హైదరాబాదులో వాళ్ళ పక్కింటివాళ్ళు అడిగారట, అదొకటి. బండి కదిలేముందు కిటికీలోంచి ఆఖరి పొట్లం అందిస్తారు. బెజవాడలో ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన ఇళ్ళలో అంబారీ ఏనుగు కోసం వెతికి చూడండి, చాలాసార్లు కనబడదు. కొన్నవన్నీ చుట్టాల సంచుల్లో ఎప్పుడో వెళ్ళిపోయాయి.