పల్నాటి సాహిత్యం - డిజిటల్ ప్రచురణ

పల్నాడు గ్రంథాలు స్కాన్ ప్రతులుగా, యూనికోడ్ పాఠాలుగా, ఈ-పుస్తకాలుగా పాఠకులకు చేరిన క్రమం తెలుగు డిజిటల్ ప్రచురణ చరిత్రలో ఒక భాగం. నరసరావుపేట కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడే నాటికే ఈ పని చాలావరకు ఫోన్ల మీద నడుస్తోంది. ఈ-రీడర్ల పాత్ర నామమాత్రం.

నిజానికి ఈ-రీడర్ ఆసియాకు కొత్తది కాదు. ఈ-ఇంక్ తెరతో తొలి రీడర్‌ను సోనీ 2004లో జపాన్‌లోనే విడుదల చేసింది. అయితే 2016 డిసెంబరులో అమెజాన్ తన కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళ పుస్తకాలకు చోటిచ్చినప్పుడు తెలుగు ఆ జాబితాలో లేదు.

ఇంట్లోనూ చిక్కులున్నాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం దొరికినా, డీటీపీ సెంటర్లు యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లను వదల్లేదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు రోమన్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. అందుకే ప్రచురణకర్తలు పీడీఎఫ్‌తో సరిపెట్టుకున్నారు. చిన్న తెర మీద దాన్ని అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి. ఈ పరిస్థితుల్లోనే 2010లో కినిగె వెబ్‌సైట్ తెలుగు ఈ-పుస్తకాల అమ్మకం మొదలుపెట్టింది.

పాత పుస్తకాలది వేరే దారి. తెలుగువాడైన రాజ్ రెడ్డి చొరవతో సాగిన మిలియన్ బుక్ ప్రాజెక్టు, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు గ్రంథాలను స్కాన్ చేయించాయి. తెలుగు వికీసోర్స్‌లో ఔత్సాహికులు అలాంటి పుటలను ఓసీఆర్‌తో (బొమ్మలోని అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్‌తో) అక్షరాల్లోకి మార్చి, మూలంతో పోల్చి దిద్దుతారు. దిద్దని పుట ఎరుపు, ఒకరు దిద్దితే పసుపు, మరొకరు సరిచూస్తే ఆకుపచ్చ. అరసున్నలు, వత్తులు, బండి ర ఓసీఆర్‌కు కొరుకుడుపడవు.

శ్రీనాథుడిదిగా ప్రసిద్ధమైన ‘పల్నాటి వీరచరిత్ర’ను అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చువేయించారు. ద్విపద కావడం దీనికి కలిసొచ్చింది: పొట్టి పాదం ఫోన్ తెర వెడల్పులో ఇమిడిపోతుంది. సీసపద్యానికి ఆ వీలు లేదు, పాదం ఎక్కడో ఒకచోట విరుగుతుంది.

ఈ జిల్లాలోని వినుకొండలో పుట్టిన కవి గుర్రం జాషువా (1895-1971) రచనలకు మాత్రం చట్టం అడ్డు. రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది గనుక, హక్కుదారుల అనుమతి లేకుండా ఆయన కావ్యం ‘గబ్బిలం’ను డిజిటల్‌గా ప్రచురించాలంటే 2032 జనవరి 1 దాకా ఆగాలి. వాట్సాప్‌లో చేతులు మారే స్కాన్ ప్రతులకు ఈ లెక్క పట్టదు.